అయస్కాంత క్షేత్రం పెంచితే ద్రవ లోహంలో ఉష్ణోగ్రత ఊపు తగ్గాలి కదా, నాకు పెరుగుతోందేంటి?

ప్రవాహం_22
అందరికీ నమస్కారం. ఎం.టెక్ రెండో ఏడు చదువుతున్నాను. ఒక కంప్యూటర్ సిమ్యులేషన్‌లో మూడు వారాలుగా ఒకే చోట ఇరుక్కుపోయాను, దయచేసి ఎవరైనా చూడండి.

4 సెం.మీ. చదరపు డక్టు, నేలకి సమాంతరంగా ఉంటుంది. లోపల గాలియం-ఇండియం-టిన్ మిశ్రమం సెకనుకి 5 సెం.మీ. వేగంతో వెళ్తుంది. అడుగు గోడ నుంచి చదరపు మీటరుకి 20 కిలోవాట్ల వేడి ఇస్తున్నాను. మిగతా మూడు గోడల నుంచి వేడి రాదు, పోదు. అన్ని గోడలూ విద్యుత్ నిరోధకాలు. అయస్కాంత క్షేత్రం ఎడమ గోడ నుంచి కుడి గోడకి, ప్రవాహానికి అడ్డంగా, నేలకి సమాంతరంగా ఉంది.

క్షేత్రం లేనప్పుడు లోపల ఒక బిందువు దగ్గర ఉష్ణోగ్రత ±1 డిగ్రీ చొప్పున చిందరవందరగా కదులుతోంది. 0.1 టెస్లా పెట్టగానే దాదాపు గీత గీసినట్టు అయింది. అక్కడిదాకా పుస్తకంలో చదివినట్టే. 0.5 టెస్లాకి వెళ్తే మాత్రం ±6 డిగ్రీలు! అది కూడా చిందరవందరగా కాదు, అల లాగా, 1.6 సెకన్లకోసారి పైకీ కిందకీ. టైమ్ స్టెప్ సగం చేశాను, సాల్వర్ మార్చాను, అదే వస్తోంది. అయస్కాంత క్షేత్రం కన్వెక్షన్‌ని (వేడి వల్ల ద్రవంలో పుట్టే కదలికని) అణచేస్తుందని కదా అందరూ రాస్తారు. కోడ్‌లో తప్పెక్కడుంది?

కాస్టర్ బి-షిఫ్ట్
తమ్ముడూ, కచ్చితంగా కోడ్ తప్పే. నేను స్లాబ్ కాస్టింగ్‌లో, అంటే కరిగిన ఉక్కుని మోల్డులో పోసి మందపాటి పలకలుగా చేసే చోట, పద్నాలుగేళ్లు పనిచేశాను. మోల్డులోకి దూకే ఉక్కు ధారని ఆపడానికే ఎలక్ట్రోమాగ్నెటిక్ బ్రేక్ పెడతాం. పేరులోనే బ్రేక్ ఉంది. క్షేత్రం పెంచేకొద్దీ కదలిక తగ్గాలి గానీ పెరగడం ఏమిటి? ఫోర్స్ టర్మ్ గుర్తు (ప్లస్, మైనస్) ఒకసారి చూసుకో.

ప్రవాహం_22
గుర్తు చూశాను అన్నా. తప్పు గుర్తయితే 0.1 దగ్గరే పేలిపోవాలి, అక్కడ బాగానే తగ్గింది.

లెంజ్ మాస్టారు
నేను గుంటూరు జిల్లాలో ఇంటర్ పిల్లలకి ఫిజిక్స్ చెబుతాను. చర్చ పక్కదారి పడుతుందేమో, అయినా ఒక్క ప్రశ్న. గాలియం అయస్కాంతానికి అంటుకోదు. పాదరసమూ అంటుకోదు. అలాంటప్పుడు అయస్కాంతం దాన్ని ఎలా ఆపుతుంది? క్లాసులో రాగి గొట్టంలో నియోడిమియం అయస్కాంతం వదిలి చూపిస్తుంటాను, అది తేలుతున్నట్టు నెమ్మదిగా దిగుతుంది. అదే సంగతా?

లెడ్‌లిథియం
అదే సంగతి మాస్టారూ, పక్కదారి ఏమీ కాదు, దీనికి జవాబు అక్కడినుంచే మొదలవ్వాలి. మీ గొట్టంలో అయస్కాంతం కదులుతుంది, రాగి కదలదు. ఇక్కడ లోహం కదులుతుంది, అయస్కాంతం కదలదు. రెండు చోట్లా లోహంలో కరెంటు పుడుతుంది, ఆ కరెంటు మీద క్షేత్రం వేసే బలం కదలికకి ఎదురు నిలుస్తుంది. కదలికకి ఉన్న శక్తి లోహంలో వేడిగా మారిపోతుంది. 1937లో హార్ట్‌మన్ కోపెన్‌హేగన్‌లో పాదరసంతో చేసిన ప్రయోగాలు దీని గురించే. ఆయన పేరుతోనే హార్ట్‌మన్ సంఖ్య అంటాం. క్షేత్రం వేసే బలం స్నిగ్ధత వేసే బలం కంటే ఎంత పెద్దదో అది చెబుతుంది.

ప్రవాహం_22, నీ కోడ్ గురించి రాత్రికి వివరంగా రాస్తాను. ఇప్పటికి ఒక లెక్క మాత్రం చెయ్యి. 1.6 సెకన్లని 5 సెం.మీ.తో గుణించు.

ప్రవాహం_22
8 సెం.మీ. మేడమ్. డక్టు ఎత్తుకి సరిగ్గా రెట్టింపు.

లెడ్‌లిథియం
ఆ 8 సెం.మీ.లోనే ఉంది జవాబు. డక్టు ఎత్తంత సుడి ఒకటి కుడివైపుకి, దాని పక్కది ఎడమవైపుకి తిరిగితే జంట పొడవు 8 సెం.మీ. అవుతుంది. ఆ జంటలు ప్రవాహంతోపాటు కొట్టుకొస్తూ నీ బిందువు మీదుగా వెళ్తున్నాయి. రెండు సుడులు కలిసే ఒకచోట వేడి లోహం అడుగునుంచి పైకి వస్తుంది, తర్వాతి రెండూ కలిసేచోట చల్లటిది పైనుంచి కిందకి దిగుతుంది. నీ ±6 డిగ్రీలు అదే. కోడ్ తప్పు అయ్యుండదని నా నమ్మకం.

మరి 0.5 టెస్లాలో ఆ సుడులు ఎలా బతికాయంటావా? అప్పడాల కర్రని ఎడమ గోడనుంచి కుడి గోడదాకా అడ్డంగా పెట్టినట్టు ఊహించుకో. నీ సుడులు అలా ఉన్నాయి, ఇరుసు క్షేత్రం దిశలోనే ఉంది. ఆ సుడిని క్షేత్రానికి అడ్డంగా ముక్కలుగా కోస్తే ప్రతి ముక్కలోనూ వేగం ఒకటే, కాబట్టి పుట్టే వోల్టేజీ కూడా ఒకటే. ఒకే వోల్టేజీ ఉన్న బ్యాటరీలను ప్లస్‌కి ప్లస్, మైనస్‌కి మైనస్ కలిపి చూడు, వాటి మధ్య కరెంటు తిరగదు. కరెంటు లేకపోతే బ్రేకూ లేదు.

ఇరుసు వేరే దిశలో ఉన్న సుడిలో ముక్కముక్కకీ వోల్టేజీ మారుతుంది. ఎక్కువ ఉన్నచోట నుంచి తక్కువ ఉన్నచోటికి కరెంటు పారుతుంది, ఆ సుడి చచ్చిపోతుంది. నీ సంఖ్యలే వేసి చూశాను. ఈ మిశ్రమం సాంద్రత ఘనమీటరుకి సుమారు 6360 కిలోలు, విద్యుద్వాహకత మీటరుకి సుమారు 33 లక్షల సీమెన్స్. 0.5 టెస్లా దగ్గర అడ్డదిడ్డపు సుడి 0.008 సెకన్లలో పోతుంది. అప్పడాల కర్ర లాంటి సుడి సుమారు 3 సెకన్లు నిలుస్తుంది. దాదాపు 390 రెట్లు తేడా. సగం వెడల్పు 2 సెం.మీ. మీద నీ హార్ట్‌మన్ సంఖ్య కూడా సరిగ్గా 390.

ఈ అడ్డదిడ్డపు సుడులే మామూలుగా పెద్ద సుడులను ముక్కలు చేసి, వేడినీ చల్లదనాన్నీ కలిపేస్తుంటాయి. వాటిని క్షేత్రం ఊడ్చేశాక పెద్ద సుడికి అడ్డొచ్చేవాళ్లు లేరు. అడుగున వేడి ఉంది, పైన చల్లదనం ఉంది, ఇక ఊపు పెరగక ఏం చేస్తుంది?

కాస్టర్ బి-షిఫ్ట్
అంటే క్షేత్రం బ్రేక్ కాదంటారా?

లెడ్‌లిథియం
బ్రేకే అన్నగారూ, కానీ అన్ని దిశల్లోనూ ఒకేలా పట్టే బ్రేక్ కాదు. తన గీతల వెంబడి మార్పులను బతకనివ్వదు. ఆ వెంబడి మార్పు లేని కదలికని దాదాపు ముట్టుకోదు. ద్రవ లోహం మీద క్షేత్రం ఏం చేస్తుందని ఎవరు అడిగినా ముందు క్షేత్రం ఏ వైపు, వేడి ఏ వైపు, గోడ ఎలాంటిది అని తిరిగి అడగాలి. అవి తెలియకుండా ఇచ్చే జవాబు తప్పే అవుతుంది. "క్షేత్రం కన్వెక్షన్‌ని అణుస్తుంది" అని ఒక్క ముక్కలో రాసేసే పాఠాలంటే నాకు నిజంగా బాధ, ఎందుకంటే వాటిని నమ్మి ఇలాంటి పిల్లలు వారాల తరబడి లేని తప్పు వెతుక్కుంటున్నారు.

సోడియం రిటైర్డ్
అమ్మాయి చక్కగా చెప్పింది. నేను కల్పాక్కంలో సోడియం లూపుల మీద పనిచేసి రిటైరయ్యాను. అక్కడ 1985లో క్రిటికల్ అయిన (అంటే గొలుసు చర్య మొదలైన) చిన్న ఫాస్ట్ బ్రీడర్ రియాక్టర్ నాటినుంచీ ద్రవ సోడియంతోనే మా బతుకు.

అబ్బాయీ, నీ గ్రాఫులో నన్ను భయపెట్టేది 6 డిగ్రీలు కాదు, 1.6 సెకన్లు. మా దగ్గర దీన్ని థర్మల్ స్ట్రైపింగ్ అంటాం. వేడి సోడియం, చల్ల సోడియం సరిగా కలవకుండా వంతులవారీగా ఉక్కుని తాకుతుంటాయి. నీళ్లయితే గోడ దగ్గరి పల్చటి పొర కొంత కాపాడుతుంది. ద్రవ లోహం వేడిని అంత బాగా మోస్తుంది కనుక ఊపులో పెద్ద భాగం గోడకే పోతుంది. ఉక్కు పైపొర వ్యాకోచించడం, ముడుచుకోవడం, లక్షల సార్లు అలా జరిగాక సన్నటి పగుళ్లు.

అందులోనూ నెమ్మదైన ఊపు ఇంకా చెడ్డది. స్టెయిన్‌లెస్ స్టీల్లోకి సెకనుకి 10 సార్లు ఊగే వేడి సుమారు 0.36 మి.మీ. లోతుకి వెళ్తుంది. నీ ఊపు 1.6 సెకన్లకి ఒకటి కాబట్టి సుమారు 1.5 మి.మీ. దాకా దిగుతుంది. గోడే 3 మి.మీ. అయితే సగం మందం రోజంతా ఊగుతున్నట్టే. మెష్‌లో, అంటే లెక్క కోసం గీసిన గడుల వలలో, గోడ ఉందా నీకు?

ప్రవాహం_22
లేదండి. గోడ లోపలి అంచు దగ్గరే ఆపేశాను.

లెంజ్ మాస్టారు
చాలా సంతోషంగా ఉందండీ ఇది చదువుతుంటే. ఆ బ్యాటరీల పోలిక రేపు క్లాసులో చెప్తాను. మా ల్యాబ్‌లో చిన్న సీసాలో గాలియం ఉంది. కరిగేది 29.76 డిగ్రీల దగ్గర కదా, సంక్రాంతి నాటికి గడ్డకట్టి ఉంటుంది, మార్చి వచ్చేసరికి సీసాలో ఊగుతుంటుంది. పిల్లలు అరచేతిలో పెట్టుకుని కరిగిస్తామని ఎగబడతారు. ఉంగరాలూ, అల్యూమినియం టిఫిన్ బాక్సులూ దూరంగా పెట్టమని చెప్పాలి, గాలియం తగిలితే అల్యూమినియం పెళుసెక్కి విరిగిపోతుంది.

భూమి లోపల కూడా ఇదే జరుగుతుందా?

లెడ్‌లిథియం
జరుగుతుంది మాస్టారూ, కాకపోతే అక్కడ క్షేత్రాన్ని తయారు చేసేది కూడా ఆ ద్రవ ఇనుమే. 2890 కి.మీ. లోతునుంచి 5150 కి.మీ. దాకా ఉన్న బాహ్య కేంద్రకంలో. పైగా భూమి తిరుగుడు కూడా కన్వెక్షన్‌ని ఆపుతుంది. విచిత్రం ఏమిటంటే తిరుగుడు ఒక్కటే ఉన్నా ఆపుతుంది, క్షేత్రం ఒక్కటే ఉన్నా ఆపగలదు, రెండూ కలిస్తే ఒకదాని పట్టుని ఇంకొకటి సడలిస్తుంది. అది వేరే పెద్ద చర్చ, విడిగా మొదలుపెడదాం.

ప్రవాహం_22, నా మాట మీద నమ్మొద్దు, నీ కోడ్‌నే అడుగు. ప్రవాహం ఆపేసెయ్. 4 సెం.మీ. ఘనాకారపు డబ్బా తీసుకో, కింద పలక పై పలక కంటే 10 డిగ్రీలు ఎక్కువ వేడిగా ఉంచు, క్షేత్రాన్ని నిలువుగా పెట్టు. అప్పుడు ఏ సుడికీ ఇరుసు క్షేత్రం వెంబడి ఉండే వీలు లేదు, ఎందుకంటే వేడి వల్ల పుట్టే సుడి ఇరుసు ఎప్పుడూ అడ్డంగానే ఉంటుంది. 1952లో చంద్రశేఖర్ లెక్కగట్టింది ఈ సందర్భాన్నే. క్షేత్రం లేకపోతే రేలీ సంఖ్య (వేడి తోపు ఎంత బలమైనదో చెప్పే సంఖ్య) 1708 దాటగానే కన్వెక్షన్ మొదలవుతుంది. బలమైన నిలువు క్షేత్రంలో ఆ హద్దు, పూర్తి ఎత్తు మీద లెక్కగట్టిన హార్ట్‌మన్ సంఖ్య వర్గానికి సుమారు పది రెట్లకి, సరిగ్గా చెప్పాలంటే π వర్గం రెట్లకి, చేరుకుంటుంది. స్నిగ్ధత లెక్కలోంచే తప్పుకుంటుంది, అదే నాకు అందులో అన్నిటికంటే అందంగా అనిపిస్తుంది. 1955లో నకగావా షికాగోలో అయస్కాంత క్షేత్రంలో పాదరసం పెట్టి అది నిజమని చూపించారు.

నీ డబ్బాకి రేలీ సంఖ్య సుమారు 2,15,000 వస్తుంది. 0.1 టెస్లాకి మధ్యభాగం నిలిచిపోవాలి.

సిలికాన్ కడ్డీ
సింగపూర్‌లో వేఫర్ల (చిప్‌లకి వాడే సిలికాన్ పలకల) రంగంలో ఉన్నాను. ఈ నిలువు, అడ్డం గొడవ మాకు రోజూ ఉండేదే. గట్టి సిలికాన్ సెమీకండక్టర్ అయినా 1414 డిగ్రీల దగ్గర కరిగాక అది లోహమే. క్వార్ట్జ్ మూసలో కరిగించి కడ్డీ లాగుతాం. కరిగిన సిలికాన్ మూస గోడని కొంచెం కొంచెంగా కరిగిస్తూ ఆక్సిజన్‌ని కడ్డీలోకి తెస్తుంది. కన్వెక్షన్ ఎలా ఉంటే ఆక్సిజన్ అలా ఉంటుంది. ఈ దారి తెరిచింది 1966లో ఇండియం యాంటిమొనైడ్ స్ఫటికాల మీద చేసిన పని. క్షేత్రం పెట్టగానే స్ఫటికంలో మలినాల చారలు మాయమయ్యాయి. సిలికాన్‌కి 1980లో జపాన్‌లో సోనీ వాళ్లు చేసి చూపారు. కొన్ని ఫర్నేసుల్లో క్షేత్రం అడ్డంగా ఉంటుంది, కొన్నిట్లో పైనా కిందా కాయిల్స్‌కి ఎదురెదురు కరెంటు పంపి కస్ప్ ఆకారంలో పెడతారు. ఏది పెట్టినా కన్వెక్షన్‌ని పూర్తిగా చంపాలని ఎవరూ చూడరు. కడ్డీకి కావలసినంత ఆక్సిజన్ వచ్చేలా దాన్ని మలుచుకుంటారు.

ప్రవాహం_22
డబ్బా రన్లు అయ్యాయి. 0.1 టెస్లా దగ్గర మధ్యభాగం నిజంగానే నిలిచిపోయింది మేడమ్! వేడి దాదాపు ఉష్ణవహనం ద్వారానే వెళ్తోంది. కానీ పక్క గోడలను అంటుకుని సన్నగా పైకీ కిందకీ కదలిక మిగిలింది. 0.2కి వెళ్తే అదీ పోయింది. ఆ గోడల దగ్గరిది తప్పా, నిజమా?

లెడ్‌లిథియం
నిజమే! చంద్రశేఖర్ లెక్క అంతులేని వెడల్పున్న పొరకి, అందులో పక్క గోడలు లేవు. నిరోధకమైన గోడ దగ్గర కరెంటు సాఫీగా తిరగలేదు, బ్రేక్ అక్కడ బలహీనం. అందుకే మధ్యలో ఆగిపోయాక కూడా గోడల వెంబడి కొంతకాలం బతుకుతుంది. నువ్వు దాన్ని చూడగలిగావంటే నీ కోడ్ మీద నాకు గౌరవం పెరిగింది.

ఇప్పుడు డక్టు మెష్ సంగతి. క్షేత్రం గుచ్చుకునే గోడల దగ్గర మొదటి గడి మందం ఎంత?

ప్రవాహం_22
0.2 మి.మీ.

లెడ్‌లిథియం
సరిపోదు. 2 సెం.మీ.ని 390తో భాగించు. హార్ట్‌మన్ పొర మందం 0.05 మి.మీ. నీ మొదటి గడిలోనే నాలుగు పొరలు పడతాయి. ఆ పొరలో కనీసం ఐదారు గడులు పెట్టు. క్షేత్రానికి సమాంతరంగా ఉన్న గోడల దగ్గర పొర సుమారు 1 మి.మీ. ఉంటుంది, అక్కడ అంత కష్టం లేదు. పెద్ద సుడిని 3 సెకన్లలో నెమ్మదింపజేసేది ఆ 0.05 మి.మీ. పొరే. ఇందాకటి పోలికలో అది చచ్చిన బ్యాటరీ. అక్కడ లోహం కదలదు, వోల్టేజీ పుట్టదు, మిగతా బ్యాటరీల కరెంటు దాని గుండా తిరిగొస్తుంది. అది సరిగా లేకపోతే ±6 అనే సంఖ్యని నేను నమ్మను, సుడులు ఉన్నాయన్నది మాత్రం నమ్ముతాను.

కాస్టర్ బి-షిఫ్ట్
నేను మొదట్లో తొందరపడి మాట్లాడాను, మన్నించు తమ్ముడూ. ఇదంతా చదివాక పాత సంగతి ఒకటి గుర్తొచ్చింది. నేను పనిచేసిన ఒక ప్లాంటులో మోల్డు లెవెల్ ఊగుతోందని బ్రేక్ కరెంటు పెంచాం. ఊగడం తగ్గలేదు, ఇంకా పెరిగింది. స్లాబుల మీద మోల్డు పౌడర్ చిక్కుకున్న మచ్చలు, రెండు హీట్లు (ఒక్కోసారి కరిగించిన ఉక్కు మొత్తం) పక్కన పెట్టాల్సి వచ్చింది. తప్పు మా షిఫ్టుదే అన్నారు. చివరికి ఉక్కుని మోల్డులోకి వదిలే నాజిల్ ఎంత లోతుకి మునగాలో మార్చాక కుదిరింది. ఇప్పుడు అర్థమవుతోంది, ధార క్షేత్రం బలంగా ఉన్నచోట ఆగలేదు, తప్పించుకుని పైకి తిరిగింది. మేం బ్రేక్ ఎంత గట్టిది అనే చూశాం, ధార దానికి ఎక్కడ తగులుతోందో చూడలేదు.

ప్రవాహం_22
కొత్త మెష్‌తో ఆరు రోజులు నడిచింది. ఊపు ±7. సుడి జంట అలాగే 8 సెం.మీ. సోడియం రిటైర్డ్ గారూ, మీరన్నట్టు 3 మి.మీ. స్టీల్ గోడ కూడా కలిపాను. గోడ లోపలి ముఖం మీద ±3, బయటి ముఖం దాకా కూడా ±0.75 చేరుతోంది.

సోడియం రిటైర్డ్
చూశావా. బయటి ముఖం మీద థర్మోకపుల్ అతికించి "అబ్బే, ముప్పావు డిగ్రీయే కదా" అనుకుంటారు. లోపల నాలుగు రెట్లు ఉంది, లోహంలో అంతకంటే ఎక్కువ. నీ రిపోర్టులో ఈ మూడు సంఖ్యలూ ఒకే బొమ్మలో పెట్టు.

లెడ్‌లిథియం
ఒక్క నిమిషం. ఆ స్టీల్ గోడని వేడికి మాత్రమే కలిపావా, కరెంటుకి కూడా కలిపావా?

ప్రవాహం_22
వేడికి మాత్రమే. కరెంటుకి గోడ ఇంకా నిరోధకమే.

లెడ్‌లిథియం
అయితే మళ్లీ నడపాలి. 3 మి.మీ. స్టీల్ అంటే చచ్చిన బ్యాటరీ పక్కనే లావుపాటి తీగ కలిపినట్టు. హార్ట్‌మన్ పొర కంటే ఇరవై రెట్లకి పైగా కరెంటుని అది మోయగలదు. సుడి 3 సెకన్లు కాదు, 0.13 సెకన్లలో నెమ్మదించాలి. అది ఒకసారి పూర్తిగా తిరగడానికే ఒకటిన్నర సెకన్లు పడుతుంది, ఇక నిలదొక్కుకోలేదు.

మాకు ఇదే పెద్ద తలనొప్పి. ఫ్యూజన్ బ్లాంకెట్‌లో (ఫ్యూజన్ రియాక్టర్‌లో ప్లాస్మా చుట్టూ ఉండే తొడుగులో) 235 డిగ్రీల దగ్గర కరిగే సీసం-లిథియం ప్రవహించాలి. ఫ్రాన్స్‌లో కడుతున్న ఐటర్ ఫ్యూజన్ రియాక్టర్‌లో ప్లాస్మా మధ్య క్షేత్రమే 5.3 టెస్లా, హార్ట్‌మన్ సంఖ్య పది వేల స్థాయికి వెళ్తుంది. గాంధీనగర్‌లో ప్లాస్మా పరిశోధన సంస్థ వాళ్లు మన దేశం తరఫున రూపొందించిన నమూనాలోనూ సీసం-లిథియమే. గోడ కరెంటుని మోస్తే లోహాన్ని తోయడానికి విపరీతమైన పీడనం కావాలి. అందుకని సిలికాన్ కార్బైడ్ తొడుగుల్లాంటివి పెట్టి కరెంటుకి అడ్డుకట్ట వెయ్యాలని చూస్తారు. అడ్డుకట్ట వేస్తే పంపు పని సులువవుతుంది, కానీ నీ అప్పడాల కర్రలు బతికి గోడని ఊపుతాయి. అడ్డుకట్ట తీసేస్తే అవి పోతాయి, పంపు భారం పెరుగుతుంది.

ప్రవాహం_22
కరెంటుకి కలిపి నడిపాను. ±7 కాస్తా ±1 లోపుకి వచ్చింది. పీడన నష్టం మాత్రం పదిహేను రెట్లకి పైగా పెరిగింది.

సోడియం రిటైర్డ్
నిజం డక్టులో ఈ రెండిటికీ మధ్యలో ఎక్కడో ఉంటుంది. ఆ మిశ్రమం మీద ఆక్సైడ్ చర్మం కడుతుంది, స్టీల్‌ని సరిగా తడపదు, చాలాచోట్ల కరెంటు గోడలోకి దిగదు. ఆర్గాన్ కింద నింపినా తొలి రోజుల్లో ఒకలా, గోడ బాగా తడిశాక ఇంకోలా ఉంటుంది. గోడకీ లోహానికీ మధ్య ఒక కాంటాక్ట్ నిరోధం పెట్టి, దాన్ని సున్నా నుంచి పైకి మారుస్తూ నాలుగైదు రన్లు వెయ్యి.

ప్రవాహం_22
ఇవాళ రాత్రికే మొదటిది పెడుతున్నానండి. ఒక్కో రన్‌కి ఆరు రోజులు. వచ్చిన సంఖ్యలు వచ్చినట్టు ఇక్కడే పెడతాను.